లాయర్‌ని సీసీలో పెడితే సరిపోదు

కంపెనీల లీగల్ విభాగాల్లో పనిచేస్తున్న పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: ఒక తయారీ కంపెనీలో నేనొక్కదాన్నే లాయర్‌ని. ముఖ్యమైన మెయిల్ ఏదైనా సరే నన్ను సీసీలో పెట్టి, పైన ‘రహస్యం, న్యాయ సలహా’ అని రాయమని మా ఎండీ గారు అందరికీ చెప్పారు. అలా రాస్తే రేపు కేసు పడ్డా ఆ మెయిళ్లు ఎవరూ అడగలేరని ఆయన నమ్మకం. నిజమేనా?

జవాబు: కాదండి. పైగా ఈ అలవాటు వల్ల నిజంగా రక్షణ దక్కాల్సిన మెయిళ్లకే చేటు. పైన ఏం రాశారని కాదు, ఆ మెయిల్ ఎందుకు రాశారని చూస్తారు. ధరల గురించో సరుకు గురించో నడిచే మెయిల్లో లాయర్ పేరు చేర్చినంత మాత్రాన అది న్యాయ సలహా అయిపోదు. అన్నిటికీ ఒకే ముద్ర కొడితే ఆ ముద్రకే విలువ పోతుంది.

లాయర్‌తో పంచుకున్న మాటలు కోర్టుకు చూపక్కర్లేదన్న ఈ రక్షణ అసలు దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 1981 నాటి అప్‌జాన్ తీర్పుతో, న్యాయ సలహా కోసం ఉద్యోగులు కంపెనీ లాయర్‌కి చెప్పిన మాటలకు రక్షణ దొరికింది. ఐరోపా యూనియన్ కాంపిటీషన్ (వ్యాపార పోటీ నిబంధనల) దర్యాప్తుల్లో అది లేదు. 2010లో అక్జో నోబెల్ కేసులో, ఇన్-హౌస్ లాయర్ (కంపెనీ ఉద్యోగిగా ఉన్న లాయర్) నెదర్లాండ్స్ బార్‌లో సభ్యుడే అయినా, ఉద్యోగిగా ఉన్నవారికి బయటి లాయర్‌కున్నంత స్వతంత్రత ఉండదని అక్కడి న్యాయస్థానం తేల్చింది. అడ్వకేట్లకు ఉండే రక్షణ జీతం మీద పనిచేసే కంపెనీ లాయర్లకు వర్తించదని 2025లో భారత సుప్రీంకోర్టూ చెప్పింది.

కాబట్టి ఎండీ గారికి ఇలా చెప్పండి. న్యాయ సలహా కావాలంటే మెయిల్ నేరుగా మీకే రావాలి, మొదటి వాక్యంలోనే ప్రశ్న ఉండాలి: ‘ఈ క్లాజు కింద మన బాధ్యత ఎంతవరకో చెప్పండి’ అన్నట్టు. వ్యాపారం మీద మీ అభిప్రాయం అడిగితే దానికి వేరే మెయిల్‌లో జవాబివ్వండి. రెండూ కలిపితే ఏది ఏదో తర్వాత విడదీయలేక తల పట్టుకోవాలి. మీ సలహాను అవసరమున్న వాళ్లకే పంపండి. ఎవరో దాన్ని వెండర్‌కి (మీకు సరుకో సేవలో అందించే కంపెనీకి) ఫార్వర్డ్ చేస్తే ఉన్న రక్షణ కూడా పోవచ్చు. దర్యాప్తు వాసన తగిలితే మొదటి రోజునుంచే బయటి లాయర్ చేతిలో పెట్టండి. ఉద్యోగులను విచారించేటప్పుడు ముందే స్పష్టంగా చెప్పాలి: ‘నేను కంపెనీ లాయర్‌ని, మీ లాయర్‌ని కాదు. ఇక్కడ చెప్పిన మాటలు బయటపెట్టాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం.’ ఇలా చెప్పినట్టు మీ నోట్సులోనూ రాసుకోండి. ఇది మరిచిపోతే, ఆ ఉద్యోగి రేపు ‘మీరు నా లాయరే అనుకుని చెప్పాను’ అంటారు.

ప్రశ్న: త్రైమాసికం ముగిసిన నాలుగు రోజులకు సంతకమైన అమ్మకం ఒప్పందంపై పాత తేదీ వేయమని మా సేల్స్ హెడ్ ఒత్తిడి చేస్తున్నారు. ‘అందరూ చేసేదే’ అంటారు. కాదంటే లీగల్ అడ్డుపడుతోందన్న పేరొస్తుంది.

జవాబు: వేయకండి. ‘ఈ ఒప్పందం ఫలానా తేదీ నుంచి అమల్లో ఉంటుంది’ అని వెనకటి తేదీ రాసుకోవడంలో తప్పు లేదు, నిజంగా పని ఆ రోజే మొదలై ఉంటే. సంతకం కింద వేసే తేదీ మాత్రం సంతకం చేసిన రోజే కావాలి. అక్కడ పాత తేదీ వేస్తే ఆదాయం ముందటి త్రైమాసికం లెక్కల్లోకి పోతుంది. అది వాటాదారులను మోసగించడమే. ఎలక్ట్రానిక్ సంతకమైతే అసలు సమయం లాగ్‌లో ఎలాగూ ఉంటుంది. అమెరికాలో కంప్యూటర్ అసోసియేట్స్ కంపెనీ త్రైమాసికం అయిపోయాక కూడా ఒప్పందాలు చేసుకుని పాత తేదీలు వేసిన వ్యవహారంలో, ఆ కంపెనీ జనరల్ కౌన్సెల్ (లీగల్ విభాగం అధిపతి) 2004లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. సేల్స్ ఒత్తిడికి తలొగ్గితే శిక్ష లాయర్‌కీ తప్పదు.

కాదని ఊరుకోకుండా చేయగలిగింది చూపండి: నిజమైన తేదీతో ఒప్పందం ఈరోజే పూర్తి చేసి, లెక్కల్లో ఎప్పుడు చూపాలో ఫైనాన్స్‌కి వదిలేయడం. ఈ మాట అదే రోజు మెయిల్‌లో పెట్టండి. విశేషణాలు వద్దు, ఎవరు ఏమడిగారు, మీరేం చెప్పారు, అంతే. అయినా పట్టుబడితే మీ పై అధికారికి, అక్కడా కదలిక లేకపోతే ఆడిట్ కమిటీకి వెళ్లండి. అమెరికా ఎక్స్ఛేంజీల్లో నమోదైన కంపెనీ అయితే, ఇలా పైకి తీసుకెళ్లడం అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ నిబంధనల కింద లాయర్ విధి కావచ్చు. మీ క్లయింటు కంపెనీ. సేల్స్ హెడ్ కాదు, ఎండీ కూడా కాదు. ఆధారాల కోసమని కంపెనీ కాగితాలు సొంత మెయిల్‌కి పంపుకోవద్దు, అది మీమీదకే తిరుగుతుంది.

ప్రశ్న: ఐరోపా కస్టమర్ల డేటా లీకైతే అక్కడి నియంత్రణ సంస్థకు తెలపాల్సిన 72 గంటలు ఎప్పటినుంచి లెక్క?

జవాబు: లీకైన క్షణం నుంచి కాదు, కంపెనీకి ఆ సంగతి తెలిసినప్పటి నుంచి. సెలవులు మినహాయింపు కాదు. అన్ని వివరాలూ తేలేదాకా ఆగొద్దు. తెలిసినంత పంపి, మిగతాది విడతలుగా ఇవ్వడానికి ఐరోపా డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ 33వ అధికరణం ఒప్పుకుంటుంది. ఆలస్యమైతే కారణం చెప్పాలి. సాధారణంగా దెబ్బతినేది వెండర్ దగ్గర: లీకైంది వాళ్ల సర్వర్లో, వాళ్లు వారం తర్వాత చెబుతారు. అందుకే వెండర్ ఒప్పందంలో ‘వెంటనే’ అని రాయించుకుని ఊరుకోకుండా ‘24 గంటల్లో’ అని గంటల లెక్కన పెట్టించండి.

ప్రశ్న: అయిదేళ్లుగా ఎన్డీఏలు (గోప్యత ఒప్పందాలు), వెండర్ ఒప్పందాలే చూస్తున్నాను. ఎదుగుదల కనిపించడం లేదు. లా ఫర్మ్‌కి మారనా?

జవాబు: మారేముందు ఎన్డీఏలు మీ చేతినుంచి దించుకోండి. ఒక ప్రామాణిక నమూనా తయారుచేసి, ఏ క్లాజులో ఎంతవరకు సడలించవచ్చో ఒక పేజీలో రాసిస్తే మామూలువి సేల్స్ వాళ్లే ముగించుకుంటారు. లయబిలిటీ (బాధ్యత) పరిమితి దాటినవి, ఇండెమ్నిటీ (నష్టం భర్తీ చేస్తామన్న హామీ) మారినవి మాత్రమే మీ దగ్గరకు రావాలి. అలా మిగిలిన సమయంలో ఒక కొనుగోలు వ్యవహారమో, రెగ్యులేటర్‌కి జవాబో, బోర్డు పత్రమో అడిగి తీసుకోండి. ఒప్పందం రావడానికీ సంతకానికీ మధ్య ఎన్ని రోజులు పడుతోందో మార్పుకి ముందూ తర్వాతా నమోదు చేయండి. ఇంటర్వ్యూలో ‘ఒప్పందాలు చూశాను’ అనేకంటే ఆ లెక్కే ఎక్కువ పనిచేస్తుంది. రెజ్యూమెలో మాత్రం ఎదుటి పార్టీల పేర్లు, ధరలు రాయొద్దు.