సాధారణ వైద్యుని దగ్గరకు వచ్చే రోగులలో మద్యపాన రుగ్మత ఎంతమందికి ఉంటుంది?

అమెరికాలోని ప్రాథమిక వైద్యశాలలలో జరిగిన పాత అధ్యయనాలను చూస్తే, మద్యానికి పూర్తిగా బానిసలైన రోగులు 2 నుంచి 9 శాతం వరకు, ఆ స్థితికి రాకపోయినా ఆరోగ్యానికి ముప్పు కలిగించే మోతాదులో తాగేవారు 4 నుంచి 29 శాతం వరకు ఉన్నట్లు తేలింది. ఈ అంతరం ఇంత విస్తారంగా ఉండటానికి ముఖ్య కారణం, ఒక్కొక్క అధ్యయనం ఒక్కొక్క నిర్వచనాన్ని, ప్రశ్నావళిని వాడటమే. రోగుల వయసు, స్త్రీ పురుషుల నిష్పత్తి కూడా లెక్కను మారుస్తాయి.

మన దేశం విషయానికి వస్తే, 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వారిలో 5.2 శాతం మంది, అంటే దాదాపు 5.7 కోట్ల మంది, హానికరంగా తాగుతున్నారు లేదా మద్యానికి బానిసలయ్యారు. ఇది మొత్తం జనాభా లెక్కే గాని ఆసుపత్రులది కాదు. అయితే కడుపునొప్పి, నిద్రలేమి, రక్తపోటు, పదేపదే తగిలే గాయాలు వంటి మద్యం తెచ్చిపెట్టే బాధలే మనిషిని వైద్యుని దగ్గరకు నడిపిస్తాయి కనుక, ఓపీ వరుసలో ఈ నిష్పత్తి ఎక్కువగానే ఉంటుందని భావించడం సమంజసం.

బాధాకరమైన సంగతి ఏమిటంటే, రోగి తనంతట తాను చెప్పడు, వైద్యుడూ అడగడు. తాగుడు అలవాటు ఎంత ప్రమాదకరంగా ఉందో పసిగట్టేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ఆడిట్’ ప్రశ్నావళిలో ఉన్నవి పది ప్రశ్నలే; 40కి 8 లేదా అంతకు మించి మార్కులు వస్తే మరింత లోతుగా విచారించాలి. కాలేయ పరీక్ష ఫలితం మామూలుగా ఉన్నంత మాత్రాన సమస్య లేదని అనుకోరాదు.