అబ్బాయి హెల్మెట్ కెమెరాకి డబ్బు అడుగుతున్నాడు, పంపాలా?

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో కంప్యూటర్స్‌లో ఎంఎస్ చేస్తున్నాడు, ఇంకా రెండు సెమిస్టర్లు ఉన్నాయి. అక్కడ స్కైడైవింగ్ నేర్చుకుని 70 జంప్‌లు చేశాడట. ఇప్పుడు హెల్మెట్‌కి కెమెరా, ఫ్లాష్ పెట్టుకుని దూకేవాళ్ల ఫొటోలు, వీడియోలు తీసే పనిలోకి వెళ్తానని, సామానుకి రెండున్నర లక్షలు పంపమంటున్నాడు. ఉద్యోగం సంగతేంట్రా అంటే "చూద్దాంలే అమ్మా" అంటున్నాడు. ఏం చేయమంటారు? - గుంటూరు నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇప్పుడైతే పంపకండి. పని చెడ్డదని కాదు, 70 జంప్‌లకే ఆ సామాను వాడి తల మీదకి ఎక్కకూడదు. అమెరికాలో ఈ ఆటకి పెద్ద దిక్కయిన యూఎస్‌పీఏ సూచన ప్రకారం కనీసం 200 జంప్‌లు చేసి, సీ లైసెన్స్ (నాలుగు మెట్ల లైసెన్సుల్లో మూడోది) వచ్చాకే కెమెరా పెట్టుకోవాలి, అరచేతిలో పట్టే చిన్న గోప్రో కెమెరా అయినా సరే. ఈ మాట మీవాడికి తెలియకుండా ఉండదు. మీకు చెప్పలేదంతే.

ఎందుకంత పట్టింపు అంటే, కెమెరా ఉంటే ధ్యాసంతా షాట్ మీదే ఉంటుంది, ఎత్తు చూసుకోవడం, చుట్టూ ఎవరున్నారో చూసుకోవడం వెనక్కి పోతాయి. 1988లో నార్త్ కరోలినాలో 800కి పైగా జంప్‌లు చేసిన ఒక కెమెరామన్, వేరేవాళ్ల వీడియో తీసే హడావిడిలో పారాచూట్ తగిలించుకోకుండానే దూకేసి చనిపోయాడు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు, అంత అనుభవం ఉన్నవాడికే అలా జరిగిందంటే 70 జంప్‌ల కుర్రాడి సంగతి ఆలోచించమంటున్నాను. ఇంకోటి, హెల్మెట్ మీద బయటికి పొడుచుకొచ్చిన ప్రతి ముక్కకీ పారాచూట్ తాళ్లు చిక్కుకునే ప్రమాదం ఉంటుంది. అందుకే కెమెరా హెల్మెట్లకి ఒక్క లాగుతో ఊడొచ్చే ఏర్పాటు పెడతారు. పారాచూట్ దబ్బున తెరుచుకుంటే ఆ బరువంతా మెడ మీదే పడుతుంది.

ఇక ఫ్లాష్. పిచ్చి కోరికేం కాదు, దానికో లెక్కుంది. దూకేవాడు బోర్లా పడుతుంటాడు, ఎండ వీపు మీద ఉంటుంది, ముఖం నీడలో ఉంటుంది, వెనకాల ఆకాశం తెల్లగా మెరిసిపోతుంటుంది. ఆకాశానికి తగ్గట్టు తీస్తే ముఖం నల్లగా వస్తుంది, ముఖానికి తగ్గట్టు తీస్తే ఆకాశం పాలిపోతుంది. ఫ్లాష్ ఆ నీడని నింపుతుంది. కానీ ఫ్లాష్‌తో మామూలుగా షట్టర్ వేగం సెకనులో 1/200, 1/250 వంతు దాటి పోదు, మట్టమధ్యాహ్నం వెలుతురుకి అది చాలా నెమ్మది, అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నం) బాగా మూయాల్సి వస్తుంది, దాంతో ఫ్లాష్ వెలుతురూ తక్కువే లోపలికి వస్తుంది. పైగా దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుతురు నాలుగో వంతే అందుతుంది. అంటే రెండు మీటర్ల దగ్గరకి వెళ్లి, గంటకి 190 కిలోమీటర్ల పైన పడుతూ, అక్కడే నిలకడగా ఉండగలిగినవాడికే అది పనికొస్తుంది. మీవాడు ఇంకా అక్కడికి రాలేదు. రా ఫార్మాట్‌లో (కెమెరా పట్టిన వివరమంతా ఉంచే ఫైల్‌గా) తీసి, తర్వాత ఎడిటింగ్‌లో నీడలు లేపుకుంటే చాలావరకు పని నడుస్తుంది, తల మీద ఇంకో బరువు, ఇంకో వైరు తప్పుతాయి.

నిజానికి ఈ పనిలో కష్టం ఫొటో తీయడంలో లేదు, ఒంటిని నడపడంలో ఉంది. చేతులకి గుడ్డ రెక్కలున్న సూట్ ఉంటుంది, గాలిలో ఒంటిని నడిపేది ఆ చేతులతోనే కాబట్టి బటన్ నొక్కడానికి చెయ్యి ఖాళీ ఉండదు, పళ్ల మధ్య చిన్న స్విచ్ పెట్టుకుని కొరికితే క్లిక్‌మంటుంది. ఒక కంటి ముందు చిన్న రింగ్ లాంటిది ఉంటుంది, ఎదుటి మనిషి అందులో పడేలా తల తిప్పాలి. లెన్స్ జూమ్ కదలకుండా టేప్ వేసేస్తారు. టాండెమ్ జంప్‌లో, అంటే కొత్తవాళ్లని ఇన్‌స్ట్రక్టర్ తన ఒంటికి కట్టుకుని దూకేటప్పుడు, కెమెరామన్ వాళ్లకి సరిగ్గా పైన మాత్రం ఉండకూడదు, వాళ్ల పారాచూట్ తెరుచుకుంటే దాని మీదే పడతాడు. ఇదంతా నిమిషం లోపు వ్యవహారం.

డబ్బు సంగతి చెప్తాను. ఈ పని జీతం మీద కాదు, జంప్‌కి ఇంతని ఇస్తారు. గాలి ఎక్కువైనా, మబ్బు పట్టినా ఆ రోజు పైసా రాదు, పొద్దుటి నుంచి డ్రాప్ జోన్‌లో (స్కైడైవింగ్ జరిగే మైదానంలో) కూర్చున్నా సరే. పైగా ఈమధ్య చాలాచోట్ల టాండెమ్ ఇన్‌స్ట్రక్టరే చేతికి చిన్న కెమెరా కట్టుకుని తీసేస్తున్నాడు, బయటి కెమెరామన్ లేకుండానే వీడియో అయిపోతోంది. కాబట్టి ఇది పెరుగుతున్న పని అని నేను అనలేను. ఇండియాలో అయితే స్కైడైవింగ్ చేసే హర్యానాలోని నార్నౌల్ లాంటి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది వీసా. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాడు క్యాంపస్ బయట పని చేయాలంటే సీపీటీ (చదువులో భాగంగా చేసే పనికి), ఓపీటీ (చదివినదానిలో పని అనుభవానికి) లాంటి అనుమతి ఉండాలి, ఆ పని చదివే సబ్జెక్టుకి సంబంధించింది అయ్యుండాలి. కంప్యూటర్స్ చదువుతూ స్కైడైవింగ్ వీడియోలకి డబ్బు తీసుకుంటే ఆ లెక్కలోకి రాదు, చేతికి క్యాష్ ఇచ్చారు కదా అన్నా కుదరదు. వీసా స్టేటస్ పోతే డిగ్రీ, ఉద్యోగం అన్నీ పోతాయి. ముందు యూనివర్సిటీలో డీఎస్ఓని (విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారిని) అడగమనండి, స్నేహితుల్ని కాదు. హెల్త్ ఇన్సూరెన్స్‌లో స్కైడైవింగ్ కవర్ అవుతుందో లేదో కాగితం తీసి చదవమనండి.

వద్దంటే వద్దని మాత్రం అనకండి, అంటే మీకు చెప్పకుండా కొంటాడు. "ఎంఎస్ అవ్వనీ, ఉద్యోగం రానీ, వీకెండ్లలో 200 జంప్‌లు దాటించు, ఈలోపు కోచ్‌తో చేసే జంప్‌లకో, విండ్ టనెల్‌కో (కింది నుంచి గాలి కొట్టి నేల మీదే తేలడం నేర్పే గది) నీ డబ్బు పెట్టుకో, ఎడిటింగ్ నేల మీదే నేర్చుకో" అనండి. ఎడిటింగ్ చేయి తిరిగితే వేరే పనులకీ పనికొస్తుంది. 200 దాటాక కూడా మొదటి కెమెరా చిన్నదే పెట్టుకోవాలి, అదీ అనుభవం ఉన్నవాళ్లతో దూకేటప్పుడే. ఫ్లాష్ మాట అప్పటిదాకా ఎత్తొద్దనండి.