డల్లాస్‌లో చేసుకున్న బీరు మియాపూర్ ఫ్లాట్‌లో చేసుకోవచ్చా?

ప్రశ్న: కొన్నేళ్లు డల్లాస్‌లో ఉండి ఈమధ్యే హైదరాబాద్ తిరిగొచ్చాం. అక్కడ శని, ఆదివారాల్లో ఇంట్లోనే బీరు చేసేవాణ్ని. ఆ సామాను వెంట తెచ్చుకున్నాను: మూతకు ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్ బయటికి పోనిచ్చి, బయటి గాలిని రానివ్వని బిరడా) ఉన్న 23 లీటర్ల ప్లాస్టిక్ బకెట్, హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచే గొట్టం), సైఫన్ పైపు. మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) ఎక్స్‌ట్రాక్ట్, హాప్స్ (బీరుకు చేదు రుచినిచ్చే పూలు), ఈస్ట్ ప్యాకెట్లు కూడా ఉన్నాయి. ఇంకా మొదలుపెట్టలేదు. అమ్మే ఉద్దేశం లేదు. నేను, ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ తాగడానికే. మా మామగారు మాత్రం ‘గుడుంబా కేసు పెడతారు’ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: గుడుంబా కేసు కాదు గానీ, ఎక్సైజ్ కేసు అవుతుంది. మీ మామగారి మాట వినండి.

1968లో ఉమ్మడి రాష్ట్రం చేసిన ఎక్సైజ్ చట్టమే, మార్పులతో, ఇప్పటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లో నడుస్తోంది. లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయకూడదని దాని 13వ సెక్షన్ చెబుతుంది. మాల్ట్‌ను పులియబెట్టి చేసే ఏల్, స్టౌట్, పోర్టర్ అన్నీ ఆ చట్టం లెక్కలో బీరే. ‘అమ్మను, నేనే తాగుతాను’ అన్న మాట శిక్ష విషయంలో జాలి పుట్టిస్తే పుట్టించవచ్చు, నేరం కాకుండా మాత్రం చేయదు.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. మత్తు పానీయం తయారీ కోసం సామగ్రి, పాత్రలు, పరికరాలు దగ్గర పెట్టుకోవడం కూడా అదే చట్టం ప్రకారం తప్పే. కల్లుకు తప్ప మిగతా వాటన్నిటికీ ఈ నిషేధం వర్తిస్తుంది. శిక్షలు చెప్పే 34వ సెక్షన్‌లో (ఇ) క్లాజు దీని కోసమే ఉంది. ఊళ్లలో బెల్లం ఊట దొరికినప్పుడు ఎఫ్ఐఆర్‌లో కనిపించే క్లాజు ఇదే. కాబట్టి ‘ఈస్ట్ వేసేదాకా అది తియ్యటి మాల్ట్ నీళ్లే కదా’ అన్న వాదన మిమ్మల్ని ఎంతో దూరం తీసుకెళ్లదు.

అలాగని బకెట్ ఇంట్లో ఉన్నందుకే నేరస్తులైపోరు. అసలు కీలకం ‘తయారీ కోసం’ అన్న మాటలో ఉంది. నల్లబెల్లం కేసుల్లో మన హైకోర్టు ఈ గీతే గీసింది: బెల్లం దానంతటది మత్తు పదార్థం కాదు, సారా కోసమే వెళ్తోందని నమ్మడానికి ఆధారం కావాలి. మీ బకెట్‌కూ అదే వర్తిస్తుంది. మూలన ఖాళీగా పడి ఉంటే అది బకెట్టే. అందులో మాల్ట్ కలిపి, పక్కన హాప్స్, ఈస్ట్ పెట్టుకుని, ఫోన్‌లో ఫ్రెండ్స్‌తో రోజుల లెక్క వేసుకుంటే ఉద్దేశం వేరే నిరూపించక్కర్లేదు. హైడ్రోమీటర్ వాడేవాళ్లకు నోట్‌బుక్ రాసే అలవాటు ఉంటుంది. సాంద్రత మొదట 1.050, పులిశాక ఆఖర్న 1.010 అని రాశారంటే సుమారు 5.25 శాతం ఆల్కహాల్ చేశామని మీ చేతిరాతతో మీరే ఒప్పుకున్నట్టు. 

డల్లాస్‌లో మీరు చేసింది సక్రమమే. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంటి బీరుకు అమెరికా ఫెడరల్ పన్ను మినహాయింపు వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరు, అంతకు మించి ఉంటే ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100. అక్కడ కూడా అమ్మకూడదు, బట్టీ పెట్టకూడదు. కొన్ని రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోనేలేదు. మన దగ్గర మద్యం రాష్ట్రాల జాబితాలోది. రాష్ట్రం మినహాయింపు ఇస్తేనే ఉన్నట్టు, ఇక్కడ హాబీగా చేసుకునేవాళ్ల కోసం అలాంటి లైసెన్సే లేదు. 2015లో వచ్చిన మైక్రోబ్రూవరీ (అక్కడికక్కడే బీరు చేసి అమ్మే చోటు) నిబంధనలు వ్యాపారానికి సంబంధించినవి, మీ వంటింటికి కాదు. ఇంట్లో ఇన్ని సీసాలు ఉంచుకోవచ్చనే పరిమితి కూడా పన్ను కట్టి షాపులో కొన్న సరుకుకే.

‘నా ఇల్లు, నా గోప్యత’ అంటారా? గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు చెప్పిన 2017 పుట్టస్వామి తీర్పు తర్వాత ఆ వాదనకు బలం వచ్చిన మాట నిజమే. మరోపక్క రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధాన్ని రాష్ట్రాలకు లక్ష్యంగా పెట్టింది. వాదించడానికి నాకు సరదాగానే ఉంటుంది, కానీ ఆ వాదన మొదలయ్యేసరికి మీరు నిందితులై ఉంటారు.

క్రిస్మస్‌కు ఇంట్లో ద్రాక్ష వైన్ వేసేవాళ్లకూ ఇదే చట్టం. పెద్దగా ఎవరూ పట్టించుకోరు, నిజమే. అయినా 2019లో కేరళ ఎక్సైజ్ శాఖ పండగ ముందు ఇంటి వైన్ మీద గట్టిగా హెచ్చరించింది. పట్టించుకోకపోవడం వేరు, అనుమతి ఉండటం వేరు.

నా సలహా: ఈస్ట్ వేయకండి. హాప్స్, ఈస్ట్, మాల్ట్ మూడూ బకెట్ పక్కనే సిద్ధంగా ఉంచవద్దు. డల్లాస్‌లో ఉన్న స్నేహితుడికి ఇచ్చేస్తే మరీ మంచిది. ఫ్రెండ్స్ దగ్గర ‘సామాన్లకు’ అని ఫోన్‌పేలో తలా ఐదు వందలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకోకండి, అప్పుడు అమ్మకం ఆరోపణ కూడా తోడవుతుంది. ఒకవేళ ఎక్సైజ్ వాళ్లు వస్తే గొడవపడకుండా తలుపు తీయండి. పంచనామా చదవకుండా సంతకం పెట్టకండి, స్వాధీనం చేసుకున్న ప్రతి వస్తువూ అందులో రాశారో లేదో చూసుకుని కాపీ తీసుకోండి. మిగతాది మీ వకీలుతో మాట్లాడాకే చెప్పండి.