పదకొండో వరసలో అమ్మాయి

"కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీలో 1600కి మావాడికి 1560, పక్కింటి అమ్మాయికి 1490. ఇద్దరిదీ ఒకే హైస్కూలు. పేరున్న కాలేజీలో ఆ అమ్మాయికి సీటొచ్చింది, మావాడికి రాలేదు. అమెరికాలో ఈ కాలేజీలు ఇద్దరు పిల్లల్ని ఏం చూసి పోలుస్తాయి?" అని అడిగారు.

నాకు ఏ అడ్మిషన్ ఆఫీసులోనూ తెలిసినవాళ్లు లేరు, నేను కన్సల్టెంటునీ కాదు. అయినా జవాబు రాయడానికి నాకో అర్హత ఉంది. ఇదే ప్రశ్నకి ఎక్సెల్ షీటు వేసి భంగపడ్డవాణ్ణి.

మాది డాలస్ దగ్గర ఫ్రిస్కో. ఇక్కడ గుడికెళ్లినా, సీమంతానికెళ్లినా, కాస్ట్‌కోలో పెరుగు డబ్బాల దగ్గర ఎదురుపడినా రెండో నిమిషానికల్లా మాట పిల్లల జీపీఏ (స్కూలు మార్కుల సగటు) దగ్గరికి చేరుతుంది. అందులో మా తప్పు కొంతే. మేం ఎంసెట్ ర్యాంకుల్లోంచి వచ్చినవాళ్లం. ఒక పరీక్ష, ఒక నంబరు, ఒక లిస్టు. నా ముందు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు, మా వీధిలో అందరికీ తెలుసు, ఆఖరికి పాలవాడికి కూడా తెలుసు. ఆ పద్ధతిని ఎంత తిట్టుకున్నా అందులో ఒక సుఖం ఉంది. సీటు రాకపోతే ఎందుకు రాలేదో తెలిసేది. ఇప్పటికీ ఇండియా వెళ్లి టీవీ పెడితే "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు" అని ఊపిరి తీసుకోకుండా అరిచే ప్రకటనలు వస్తాయి కదా, వాటిని విని నవ్వుతాం గాని మా బుర్రలు కూడా లోపల అలాగే అరుస్తుంటాయి.

2023 ఆగస్టులో మా అమ్మాయి సీనియర్ ఇయర్, అంటే పన్నెండో తరగతి, మొదలైన వారమే షీటు మొదలుపెట్టాను. మొత్తం 14 మంది పిల్లలు, అందరూ మావైపు తెలిసినవాళ్లే. ఎస్‌ఏటీకి 30 మార్కులు, స్కూలు ర్యాంకుకి 30, ఏపీ క్లాసులకి (హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి పాఠాలు) 15, పోటీలకి 15, "ఇతర" కి 10. ఇతర అంటే కూచిపూడి, టెన్నిస్, వాలంటీరింగ్, పియానో అన్నీ ఒకే సంచిలో. డేటా ఎక్కడిదంటారా? పార్టీల్లోదే. మనవాళ్లు సొంత జీతం ఎంతో చచ్చినా చెప్పరు గాని, పిల్లాడి స్కోరు అడక్కుండానే చెప్తారు.

మా అమ్మాయి మూడో వరసలో వచ్చింది. మొదటి వరస మా ఫ్రెండు కొడుకుది. 1580, పదమూడు ఏపీలు, మ్యాథ్ పోటీల్లో కప్పులు. పదకొండో వరసలో ఒక అమ్మాయి. 1480, ఏపీలు ఏడే, డ్యాన్స్ లేదు, పాట లేదు. ఆ వరస పక్కన "సేఫ్టీ కాలేజీలు (సీటు తేలిగ్గా వచ్చేవి) చూసుకుంటే మంచిది" అని నోట్ కూడా రాశాను. నన్నెవరూ అడగలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకొస్తాను. ఏషియన్ పిల్లలకి అడ్మిషన్లలో అన్యాయం జరుగుతోందని హార్వర్డ్ మీద 2014లో పడ్డ కేసు గురించి మన పేరెంట్స్ అందరూ చదవాలి. తీర్పు తెలిసిందే, 2023 జూన్ 29న సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదంది. తీర్పు కన్నా, 2018లో బోస్టన్ కోర్టులో విచారణ జరిగినప్పుడు బయటపడ్డ లోపలి సంగతులు ముఖ్యం. ఒక్క ఏడాది బ్యాచ్‌కి అమెరికాలో ఉన్న పిల్లల అప్లికేషన్లలోనే పర్ఫెక్ట్ జీపీఏ ఉన్నవాళ్లు 8,000 మందికి పైగా. ఎస్‌ఏటీ మ్యాథ్‌లో ఫుల్ మార్కులు 3,400 మందికి పైగా, వెర్బల్లో, అంటే ఇంగ్లీషు భాగంలో, దాదాపు 2,700 మందికి. సీట్లు చూస్తే 1,600 చిల్లర. ఇక మీవాడి 1560కీ ఆ అమ్మాయి 1490కీ మధ్య తేడా అక్కడ కూర్చున్నవాళ్లకి ఎంత కనపడుతుందో మీరే చెప్పండి. గేటు దాటడానికి స్కోరు కావాలి, కాదనను. ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్, యేల్, హార్వర్డ్ 2024లో పరీక్షని మళ్లీ తప్పనిసరి చేశాయి. కాకపోతే గేటు దాటాక ఆ టికెట్టు ఒక్కదాన్నే చూసి ఎవరూ తేల్చరు.

దాటాక హార్వర్డ్‌లో ఏం జరుగుతుందని ఆ విచారణలో తేలిందంటే, మీ ప్రాంతం ఫైళ్లు చదివే మనిషి ఒకరుంటారు. చదువు, వ్యాపకాలు, ఆటలు, వ్యక్తిత్వం, ఒక్కోదానికి 1 నుంచి 6 దాకా వేస్తారు. 1 అంటే అందరికన్నా మేలు. టీచర్లు రాసే సిఫార్సు ఉత్తరాలకి, స్కూలు కౌన్సెలర్ ఉత్తరానికి కూడా విడివిడిగా నంబర్లుంటాయి. తర్వాత ప్రాంతాలవారీగా సబ్‌కమిటీ, చివరికి నలభైమంది దాకా ఉండే కమిటీలో ఓటింగు. మన పిల్లల పక్కన ముందు పెట్టి చూసేది ఎక్కడో బోస్టన్ పిల్లల్ని కాదు, అదే స్కూలు పిల్లల్నే. మీ స్కూల్లో ఏ క్లాసులున్నాయి, వాటిలో ఈ పిల్ల ఏం తీసుకుంది అనేది స్కూలు పంపే ప్రొఫైల్‌లో ఉంటుంది. అంటే మన పిల్లలకి పోటీ ఎవరు? సంక్రాంతికి మనింటికొచ్చి అరిసెలు తిన్న పిల్లలే.

ఆ విచారణలోనే కడుపు మండే సంగతి ఇంకోటి బయటపడింది. ఆఫీసులో కూర్చుని ఫైలు చదివినవాళ్లు వేసిన వ్యక్తిత్వం మార్కు ఏషియన్ పిల్లలకి సగటున తక్కువ. అదే పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిన పూర్వవిద్యార్థులు మాత్రం వాళ్లకి తెల్లపిల్లలతో దాదాపు సమానంగా వేశారు. కింది కోర్టు జడ్జిగారు కావాలని చేసిన వివక్ష లేదన్నారు. నేను ఒప్పుకోను. నా దగ్గర ఆధారమేమీ లేదు, ఒప్పుకోను అంతే. ఇంకా ఉంది, వినండి. ఆ కేసు డేటాతో వేసిన లెక్కల్లో తేలిందేమిటంటే, హార్వర్డ్ చేర్చుకున్న తెల్లపిల్లల్లో 43 శాతానికి పైగా క్రీడల కోటా వాళ్లు, పూర్వవిద్యార్థుల పిల్లలు, డీన్ ప్రత్యేకంగా చూసే లిస్టులో ఉన్నవాళ్లు (విరాళాలిచ్చేవాళ్ల పిల్లల్లాంటివాళ్లు), ఉద్యోగుల పిల్లలు. వాళ్ల తాత చదివిన కాలేజీ అని మనవడికి దారి ఇస్తారు. మా తాత గుడివాడ దాటి వెళ్లలేదు, మేమేం చేస్తాం?

టెక్సస్‌లో ఇంకో గొడవ. ఇక్కడ 1997 నుంచి ఒక చట్టం ఉంది. స్కూల్లో పై ర్యాంకులొస్తే రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు ఖాయం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీకి మా అమ్మాయి ఏడాదిలో అది పై 6 శాతం. 2026 నుంచి 5 శాతమే. వినడానికి న్యాయంగా ఉంటుంది. ఫ్రిస్కోలో ఆచరణలో ఏమవుతుందంటే, ఎక్కువ వెయిటేజీ లేని క్లాసు తీసుకుంటే జీపీఏ కొంచెం పడుతుందని పిల్లల చేత సంగీతం మానిపిస్తారు, బొమ్మలు మానిపిస్తారు. పైగా ఆ ర్యాంకు యూనివర్సిటీలో సీటు ఇస్తుంది గాని కంప్యూటర్ సైన్స్ ఇస్తానని చెప్పదు. ఈ చివరి ముక్క మనవాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

మార్చి చివర్లో ఐవీ కాలేజీల (హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది పాత, పేరున్న కాలేజీలు) ఫలితాలన్నీ ఒకే సాయంత్రం వస్తాయి. మాకు ఆరింటికి. మా ఆవిడ పులిహోర కలిపి పెట్టింది, వచ్చినా రాకపోయినా తినాలి కదా అని. మా అమ్మాయి గదిలో తలుపేసుకుని చూసుకుంది. బయటికొచ్చి "రెండు వెయిట్‌లిస్టులు, మిగతావి నో" అని చెప్పి, ప్లేటు తీసుకుని, పులిహోరలో జీడిపప్పులు ఏరుకుని తింది. ఏడవలేదు. నేనే బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని కాసేపు నిలబడ్డాను.

ఎనిమిదింటికి వాట్సాప్ మొదలైంది. మొదటి వరస కుర్రాడికి తొమ్మిది కాలేజీల్లో ఎనిమిది నో, ఒకటి వెయిట్‌లిస్టు. పదకొండో వరస అమ్మాయికి ఐవీలో సీటు.

నేనేం చేశానో చెప్పనా? ఆ రాత్రి పదకొండింటికి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని షీటు తెరిచి వెయిటేజీలు మార్చడం మొదలుపెట్టాను. ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్ కూలిపోతే ఎలా కూర్చుంటానో అలా. ఎస్‌ఏటీ 30ని 20 చేశాను. పదకొండో వరస తొమ్మిదికి వచ్చింది. "ఇతర"ని 40 చేశాను. మళ్లీ పన్నెండుకి పోయింది. ఎంత తిప్పినా ఆ పిల్ల పైకి రాదే!

మంచినీళ్లకి వచ్చిన మా అమ్మాయి నా వెనక ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలీదు. షీటులో తన పేరు చూసింది, ఫ్రెండ్స్ పేర్లు చూసింది, పదకొండో వరస పక్కన నా నోటూ చూసింది. కోప్పడితే బాగుండేది. "జరుగు నాన్నా" అని పక్క కుర్చీలో కూర్చుని లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. చివర్న కొత్త కాలమ్ పెట్టి దానికి "నీకు తెలీనివి" అని పేరు పెట్టింది. ఇరవై నిమిషాలు టైప్ చేసింది. ఇంగ్లీషులోనే, నేను తెలుగులో చెప్తున్నాను.

ఒకటో వరస: "ఇంగ్లీష్ టీచర్ని ఉత్తరం అడగడానికి భయం. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పలేదు. ఆవిడకి వీడెవడో సరిగ్గా తెలీదు."

ఆరు: "నాన్‌ప్రాఫిట్ వెబ్‌సైట్ వాళ్ల నాన్న చేశారు. అందరికీ తెలుసు."

తొమ్మిది: "వయోలిన్ అద్భుతంగా వాయిస్తాడు. ర్యాంకు కోసం టెన్త్‌లో ఆర్కెస్ట్రా మానిపించారు."

పదకొండు: "స్కూళ్ల ముందు పిల్లల్ని రోడ్డు దాటించే గార్డులుంటారు కదా, ఏడాదిన్నరపాటు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి మాట్లాడి స్కూలు పేపర్లో రాసింది. పొద్దున్నే ఆరున్నరకి, చలిలో. టీచర్లందరూ చదివేవాళ్లు. నేనూ చదివాను."

ఆ గార్డుల్లో ఒకాయన మా వీధి చివర్నే నిలబడతాడు. ఎర్ర బోర్డు పట్టుకుని, టోపీ కింద చెవులకి ఉన్ని మఫ్లరు. ఐదేళ్లు రోజూ చెయ్యూపి వెళ్లాను. ఆయన రిటైరైన ట్రక్ డ్రైవరని మా అమ్మాయి టైప్ చేస్తూ చెప్తే అప్పుడు తెలిసింది.

తన వరస, అదే మూడోది, చివర్న నింపింది. "ఎస్సే నాన్న దిద్దారు. మూడుసార్లు."

దీని గురించి కొంచెం చెప్పాలి. మేం ఆదివారాలు టేప్ బాల్ (టేపు చుట్టిన టెన్నిస్ బంతి) క్రికెట్ ఆడతాం. నలభై దాటిన అంకుల్సు, మోకాళ్లకి పట్టీలు, వైడ్ బాల్ మీద తగాదాలు. మా అమ్మాయి తన పన్నెండో ఏట నుంచీ స్కోరు రాస్తుంది. చాలా కాలేజీలకి ఒకటే దరఖాస్తైన కామన్ యాప్‌లో ఎస్సేకి 650 పదాలు. తను మొదట రాసింది ఆ స్కోరుబుక్కు గురించి. మొదటి వాక్యం నాకింకా గుర్తే: "మా నాన్న ఔటైనట్టు నేను ఇరవైమూడుసార్లు రాశాను, అందులో పంతొమ్మిదిసార్లు ఆయన ఒప్పుకోలేదు." చదివి నవ్వాను. నవ్వి, "బానే ఉంది గాని ఇందులో లీడర్‌షిప్ ఎక్కడుందమ్మా? పైగా నా పరువు" అన్నాను. రెండు వేసవి సెలవుల్లో మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకి పుస్తకాలు పంచి ఫొటోలు దిగాం. దాని మీద రాయించాను. మూడుసార్లు దిద్దాక అందులో మా అమ్మాయి మాట ఒక్కటీ మిగల్లేదు, నా ఆఫీసు ఈమెయిళ్ల ఇంగ్లీషు మిగిలింది. మా పక్క తెలుగు పిల్లల్లో ఆ ఏడాది ఇండియాలో స్కూలుకి పుస్తకాలు పంచినవాళ్లు నాకు తెలిసి ఐదుగురు. ఆ ఐదు ఫైళ్లూ ఒకే మనిషి టేబుల్ మీదికి ఒకే వారంలో వెళ్లి ఉంటాయి. ఆ మనిషి మొహం ఊహించుకోండి.

స్కోరుబుక్కు ఎస్సే పంపి ఉంటే సీటొచ్చేదని నా నమ్మకం. మా ఆవిడ "నువ్వనుకోవడమే" అంటుంది.

కాబట్టి, మీవాడి 1560 పక్కన ఆ అమ్మాయి 1490 పెట్టి చూడకండి. మీకు కనపడేది ఆ ఒక్క గడే. ఆ అమ్మాయికి టీచర్ ఏం రాసిందో మీకు తెలీదు, ఎస్సేలో ఏముందో తెలీదు, మీవాడి ఉత్తరంలో ఏముందో కూడా మీకు తెలీదు. ఇంకోటి, ఆ అమ్మాయి ఎర్లీ డెసిషన్‌లో పెట్టిందేమో కనుక్కోండి. కార్నెల్, డ్యూక్, పెన్ లాంటి చోట్ల "సీటిస్తే కచ్చితంగా చేరతాను" అని నవంబర్లోనే రాసిచ్చినవాళ్ల సంగతి వేరు. మీరు ఫైనాన్షియల్ ఎయిడ్ పోల్చుకోవాలని రెగ్యులర్లో పెట్టి ఉంటే, మీవాడు నిలబడ్డ క్యూ వేరు, ఆ అమ్మాయి నిలబడ్డ క్యూ వేరు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూసిందే లేకపోవచ్చు. రెండోవాడెవరైనా ఇంట్లో ఉంటే మాత్రం ఎస్సే జోలికి వెళ్లకండి, కామాలు కూడా దిద్దకండి.

మా అమ్మాయి ఇప్పుడు ఆస్టిన్‌లో మ్యాథ్స్ చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు స్కోరు రాస్తుంది. పోయిన నెల నన్ను ఎల్బీడబ్ల్యూ ఇచ్చారు, టేప్ బాల్లో ఎల్బీడబ్ల్యూ ఏమిటండీ, అడిగేవాడు లేడు.

ఆ షీటు ఇంకా నా డ్రైవ్‌లోనే ఉంది. మా ఊళ్లో ఈ సంగతి ఎలా పాకిందో గాని, ఇప్పటిదాకా నలుగురు పేరెంట్స్ ఫోన్ చేసి ఫార్ములాలతో సహా పంపమన్నారు. పేర్లన్నీ తీసేసి ఇద్దరికి పంపాను. చివరి కాలమ్ కూడా తీసేశాను.