సమాధానం: గరాజ్ సేల్‌లో కొన్న పాత జర్మన్ ట్యూబా ఎవరి తయారీ, ఎంత పలుకుతుంది?

మీ అమ్మాయి స్కూల్ బ్యాండ్ కోసం కొన్న ట్యూబా (పెద్ద ఇత్తడి ఊదే వాయిద్యం) మీదున్న పేరు ఎక్కడా దొరకట్లేదని అడిగారు కదా. బెల్ మీద, అంటే దాని వెడల్పాటి మూతి మీద, చెక్కిన ఆ పేరు తయారీదారుది కాదు, అప్పట్లో అమ్మిన అమెరికా కొట్టుది అయి ఉంటుంది. నెట్‌లో ఎంత వెతికినా దొరకనిది అందుకే. జర్మన్ కార్ఖానాలు అలా కొట్ల పేరు మీద చేసిపెట్టడం మామూలే.

1. దేశం ముద్ర వెతకండి. "వెస్ట్ జర్మనీ" అంటే 1949–1990 మధ్యది, మీరాఫోన్ కంపెనీది కావచ్చు. "జీడీఆర్" అంటే తూర్పు జర్మనీది, అక్కడి బీ అండ్ ఎస్ కంపెనీ వాళ్లదేమో చూడండి. ఉత్త "జర్మనీ" అని ఉంటే దాన్నిబట్టి ఏమీ తేల్చలేం.

2. వాల్వ్ (స్వరం మార్చే మీట) ఏదీ నొక్కకుండా ఊది ట్యూనర్‌లో (శృతి చూపే పరికరం) చూడండి. బీ ఫ్లాట్ స్వరం వస్తే మీ అమ్మాయి స్కూల్ బ్యాండ్‌కి సరిపోతుంది. మెయిన్ స్లైడ్ (శృతి సరిచేసే జారుడు గొట్టం) పూర్తిగా లాగినా శృతి ఎక్కువగానే ఉంటే అది పాత హై పిచ్ వాయిద్యం, అంటే ఇప్పటికన్నా ఎక్కువ శృతికి చేసింది, ధర బాగా పడిపోతుంది.

3. అందరూ వదిలేసేది ఇదే: రోటరీ వాల్వ్‌ల (నొక్కితే లోపల రోటర్ అనే ముక్క తిరిగే రకం) బిగువు. వాల్వ్ నొక్కకుండా దానికున్న జారుడు గొట్టాన్ని (స్లైడ్) రెండంగుళాలు బయటికి లాగండి. కాస్త ఆగి అప్పుడు వాల్వ్ నొక్కండి. "టప్" మని గట్టిగా వినిపిస్తే రోటర్ బాగున్నట్టే. చప్పుడే లేకపోతే గాలి కారుతోంది. ముందు రోటర్‌కి నూనె వేసి మళ్లీ చూడండి. అన్ని వాల్వ్‌లకీ ఇలాగే చేయాలి. అరిగిన రోటర్ బాగుచేయించడానికయ్యే ఖర్చు ఒక్కోసారి ట్యూబా ధరనే దాటేస్తుంది. సొట్టలకు మాత్రం టెన్షన్ పడకండి.

4. ధరకి, అడుగుతున్న రేట్లు కాదు, ఈబేలో అమ్ముడైనవి చూడండి. ఈలోగా పాలిష్ మాత్రం చేయించకండి.