రమణ మహర్షి ఉపన్యాసాలు ఇవ్వలేదు, దీక్షలు ఇవ్వలేదు. మరి ఆయన మనకు వదిలివెళ్ళిందేమిటి?

నేను పండితుణ్ణి కాను. తిరువణ్ణామలై, అంటే మన అరుణాచలం, మూడుసార్లు వెళ్ళొచ్చాను, అంతే. మొదటిసారి అమ్మ పట్టుబడితే తోడు వెళ్ళాను.

ఆయన కథ చాలామందికి తెలిసిందే. 1879లో తిరుచుళిలో పుట్టారు. అప్పటి పేరు వేంకటరామన్. పదహారేళ్ళప్పుడు మదురైలో బాబాయి ఇంట్లో ఉన్నట్టుండి చావుభయం ముంచుకొచ్చింది. శవంలా పడుకుని, పోయేది ఒళ్ళే కదా, మరి నేనెవర్ని అని లోపలికి చూసుకున్నారట. కొన్ని వారాలకే, 1896 సెప్టెంబర్ 1న అరుణాచలం చేరారు. 1950 ఏప్రిల్ 14న కన్నుమూసేదాకా అక్కడే. ఆయనకు రమణ మహర్షి అని పేరుపెట్టింది మన తెలుగువాడే, కావ్యకంఠ గణపతి ముని.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఆశ్రమం వంటింటి ముచ్చట్లు. తెల్లవారకముందే అక్కడ కూర్చుని కూరలు తరిగేవారట. తనకని ఎవరైనా ఏదైనా తెస్తే అందరికీ పంచాల్సిందే. విస్తట్లో పక్కవాళ్ళకన్నా కాస్త ఎక్కువ పడినా ఒప్పుకునేవారు కాదు. 1924లో ఆశ్రమంలో దొంగలు పడి ఆయన్నీ తొడమీద కొట్టారు. తిరగబడబోయిన శిష్యుల్ని ఆయనే ఆపారు.

ఇక ఆయన చెప్పిన ఆత్మవిచారణ సంగతి. "నేనెవరు" అన్నది మంత్రంలా జపించేది కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు (నేనూ పొరబడ్డాను). ఆలోచన వస్తే ఇది ఎవరికి వచ్చింది అని చూడాలి. "నాకు" అని జవాబొస్తుంది. ఆ "నేను" ఎక్కణ్ణుంచి లేస్తోందో అక్కడికి దృష్టి తిప్పాలి. పాత హాల్లో ఆయన సోఫా ఎదురుగా కూర్చుని ప్రయత్నించాను. కాలు తిమ్మిరెక్కింది, చెవి దగ్గర దోమ, మనసంతా ఆఫీసు గొడవ. ఈ టెన్షన్ ఎవరికి అని అడిగి చూశాను. పోలేదు సుమా. కానీ అడిగినంతసేపూ కాస్త ఎడంగా నిలబడింది. ఆయన వదిలివెళ్ళింది ఇదే అని నాకనిపిస్తుంది. దీనికి మతం మారక్కర్లేదు, ఉద్యోగం మానక్కర్లేదు.

తెలుగులో చదవాలంటే సూరి నాగమ్మగారి రమణాశ్రమ లేఖలతో మొదలుపెట్టండి. హాల్లో రోజూ జరిగినవి ఆవిడ అన్నయ్యకు ఉత్తరాలుగా రాశారు.

ఆశ్రమంలో లక్ష్మి అనే ఆవు సమాధి ఉంది. 1948లో అది పోతే దానికి ముక్తి వచ్చిందని ఆయనే తమిళంలో పద్యం రాశారు. అక్కడే జింకకు, కాకికి, కుక్కకు కూడా సమాధులున్నాయి. అమ్మ ఆ కుక్క సమాధి దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. మా ఇంట్లో కుక్క పోయి అప్పటికి నెల కూడా కాలేదు.