ఏడో తరగతి పిల్లాడికి వేసవిలో ఏ పుస్తకాలు ఇవ్వాలి?

ఏడో తరగతికి వెళ్తున్న మా అబ్బాయికి వేసవి సెలవుల్లో చదవడానికి మంచి పుస్తకాలు చెప్పండి, తెలుగు చదవమంటే బద్ధకిస్తాడు అని అడిగారు. ముందు ఏవి కొనకూడదో చెబుతాను. అట్ట మీద ‘నీతి’ అన్న మాట ఉన్నవి కొనకండి. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలైతే ఇంటికే తేవద్దు. పన్నెండేళ్ల పిల్లాడు పొద్దున లేచిన దగ్గర్నుంచి నీతులే వింటుంటాడు. సెలవుల్లో కథ చేతికిచ్చి అందులోనూ అదే పెడితే పుస్తకం ఎందుకు తెరుస్తాడు? ఆ వయసుకు కావాల్సింది అల్లరి, సాహసం, కాస్త భయం.

నన్నడిగితే మొదటి పుస్తకం మార్క్ ట్వేన్ ‘టామ్ సాయర్’. నండూరి రామమోహనరావు గారి తెలుగులోనే చదివించండి.

పోయిన వేసవిలో మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి తణుకు వచ్చాడు. వాడిదీ మీవాడి వయసే, ఇంగ్లీషు మీడియం. తెలుగులో మార్కులు బాగానే వస్తాయి కానీ కథ చదవమంటే ఒత్తు కనిపించిన చోటల్లా ఆగిపోతాడు. ఆరోజు ఇంట్లో ఆవకాయ పెడుతున్నారు. కాయలు కొట్టించి తెచ్చారు. ముక్కల్లో జీడి తీసి, టెంకకు అంటుకున్న పొర గీకి, పొడిగుడ్డతో తుడిచే పని పిల్లల మీద పడింది. వీడు మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. నేను పక్కన కుర్చీ వేసుకుని ఆ పుస్తకం పైకి చదవడం మొదలుపెట్టాను.

టామ్‌కి పెద్దమ్మ కంచెకు సున్నం వేసే శిక్ష వేస్తుంది. వాడేమో అదేదో అందరికీ దొరకని పని అయినట్టు నటిస్తాడు. దారిన పోయే పిల్లలు బతిమాలుకుని మరీ సున్నం వేస్తారు. పైగా ఆ పని ఇచ్చినందుకు వాళ్లే యాపిల్ పండు, గాలిపటం, చచ్చిన ఎలుక ఇచ్చుకుంటారు. ఎలుక దగ్గరికి వచ్చేసరికి మావాడి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

“చచ్చిన ఎలుక ఎందుకు మావయ్యా?”

“తాడు కట్టి గిరగిరా తిప్పుకోవడానికి.”

“నిజంగా అలా రాశారా? ఏదీ, చూపించు.”

పుస్తకం లాక్కుని, ఆ వాక్యం కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ వాడే చదివాడు. పేజీ చివర ఇప్పటికీ కారం వేలిముద్ర ఉంది.

కాసేపటికి మూడో తరగతి చదివే మా అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. “నీకు చేతకాదులే, టెంక ఊడొచ్చేస్తుంది. ఇది పెద్దపిల్లల పని” అంటున్నాడు వాడు. “ఒక్క ముక్క బావా, ఒక్కటే” అని ఇది. మా అమ్మకు నవ్వాగలేదు. సాయంత్రానికి ముక్కలన్నీ మా అమ్మాయే తుడిచింది!

తర్వాత రోజూ కొంత చదివి వినిపించాను. టామ్, బెకీ గుహలో దారి తప్పి, ఆఖరి కొవ్వొత్తి కూడా అయిపోతున్న చోట కావాలనే ఆపేశాను. భోజనాలయ్యాక చూస్తే పుస్తకం వాడి చేతిలో ఉంది. ఒత్తులు మింగేస్తున్నాడు, కొన్ని పదాలు దాటేస్తున్నాడు. పక్కన కూర్చుని తప్పులు దిద్దబోయిన మా బావగారిని నేనే ఆపాను. కథ కోసం చదివేవాడిని మధ్యలో ఆపి ఉచ్చారణ నేర్పకూడదు. అందుకే ఏ పుస్తకం అన్నదాని కంటే, మొదటి ఇరవై పేజీలు మీరు పైకి చదివి వినిపించడం ముఖ్యం అంటాను. అలా చదివి వినిపించిన ఇంట్లో పుస్తకం ముట్టని పిల్లలను నేను చూడలేదు.

కానీ మనవాళ్లు అంత తీరిక ఇవ్వడంలేదు. ఏప్రిల్ చివర బడి మూస్తే ఆ వారంలోనే ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు. ఆరో తరగతికి ఐఐటీ ఏమిటండీ? చదివిన పుస్తకానికి సారాంశం రాసి తెమ్మనే బళ్లు ఇంకొన్ని. సినిమా చూసొచ్చిన పిల్లాడిని సారాంశం రాయమంటామా? గ్రంథాలయానికి పంపుదామంటే అక్కడ కుర్చీల నిండా పోటీ పరీక్షలవాళ్లే ఉంటారు. వాళ్ల అవసరం వాళ్లది, కాదనను. కానీ ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మనమంతా కడుతున్నాం కదా, పిల్లలకు ఒక బల్ల, ఒక బీరువా వేరుగా పెట్టలేరా?

మిగతా పుస్తకాలకు వస్తాను. మీవాడికి మాంత్రికులు, రాక్షసులు ఇష్టమైతే దాసరి సుబ్రహ్మణ్యం గారి చందమామ సీరియళ్లు పుస్తకాలుగా వచ్చాయి. ‘తోకచుక్క’తో మొదలుపెట్టండి. అది 1954లో మొదలైన సీరియల్. ప్రతి భాగమూ ఆపద దగ్గర ఆగుతుంది కాబట్టి పిల్లలు కింద పెట్టరు. చిత్రా గారి బొమ్మలున్న ప్రతి దొరికితే అదే తీసుకోండి. సైన్సు పిచ్చి ఉంటే మహీధర నళినీమోహన్ గారి ‘కేలెండర్ కథ’, ‘పిడుగు దేవర కథ’. నవ్వించేవి కావాలంటే సోమరాజు సుశీల గారి ‘ఇల్లేరమ్మ కథలు’. చిన్న చిన్న కథలు, ఒక్కో పూటకు ఒక్కోటి సరిపోతుంది. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ నెల్లూరు యాసలో ఉంటాయి, మీరు చదివి వినిపిస్తేనే రుచి. ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం ఇంకో ఏడాది ఆగి ఇవ్వండి. ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండు బయల్దేరిన మొగల్తూరు కుర్రాడి అవస్థలు ఎనిమిదో తరగతికి బాగా అందుతాయి.

ఇన్నీ ఒకేసారి కొని ముందు పోయకండి. రెండు తెచ్చి, అందులో ఏది ముందో వాడినే తేల్చుకోనివ్వండి. వచ్చే ఏడాదికైతే డిసెంబరులో హైదరాబాదులోనో, జనవరిలో విజయవాడలోనో పుస్తకాల పండగకు వాడినే వెంట తీసుకెళ్లి కొనండి. మే నెలలో కొట్ల చుట్టూ తిరిగితే పిల్లల పుస్తకాలు సగం దొరకవు.